చివరి అంకె మారిందా?

యాప్ అప్‌డేట్ కింద ఎప్పుడూ ఒకటే లైను: బగ్ ఫిక్సెస్, ఇంప్రూవ్‌మెంట్స్. ఎవరు చదువుతారు చెప్పండి! కుబెర్నెటిస్ దగ్గర మాత్రం చదవాల్సిందే. కంటైనర్లు ఏ సర్వర్ మీద నడవాలో, ఒకటి పడిపోతే ఇంకోటి ఎక్కడ లేపాలో చూసుకునే సాఫ్ట్‌వేర్ అది.

2018 నవంబర్‌లో 1.10.11, 1.11.5, 1.12.3 వచ్చాయి. పైకి చూస్తే మారింది చివరి అంకే. కానీ అవి సరిచేసిన బగ్ తీవ్రత పదికి 9.8! క్లస్టర్‌కి గుమ్మం లాంటిది ఏపీఐ సర్వర్. ఒక రకం రిక్వెస్ట్ ఫెయిలైనా, వెనకున్న సర్వర్‌తో కనెక్షన్‌ని అది మూసేది కాదు. ఆ సందులో దూరినవాడు ఏకంగా ఏపీఐ సర్వర్ హోదాతోనే ఆర్డర్లు వేయొచ్చు. పోనీ ఎవరైనా దూరారా అని లాగ్స్ వెతికితే, తేలిగ్గా దొరకదు. ఫిక్స్ ఏంటయ్యా అంటే, ఫెయిలైతే కనెక్షన్ మూసెయ్. అంతే.

1.9, అంతకంటే పాత వెర్షన్లలోనూ ఈ బగ్ ఉంది. వాటికి ప్రాజెక్టు నుంచి ప్యాచ్ రాలేదు. ఇప్పుడైనా ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ సుమారు 14 నెలలే. ‘నడుస్తోంది కదా, ముట్టుకోకు’ అనే సీనియర్ మీ టీంలోనూ ఉండే ఉంటారు. మీ క్లస్టర్ ఏ వెర్షనో రేపు ఆయన్నే అడగండి.