పొద్దున్నే తూకం

ఆరు కొట్టకముందే సైనిక్‌పురిలో సగం కాలనీ లేచి కూర్చుంటుంది. సైన్యంలో పనిచేసి రిటైరైన వాళ్ల కోసం వెలసిన కాలనీ కదా, యూనిఫాం విప్పేసి పాతికేళ్లయినా ఆ అలవాటు మాత్రం పోదు. కొందరు వాకింగ్‌ బూట్లు బిగించుకుని బయల్దేరతారు. కొందరు గేటు దగ్గర పాలప్యాకెట్ల కోసం ఎదురుచూస్తుంటారు. మా పెద్దనాన్న మాత్రం బాత్రూం నుంచి నేరుగా వరండాలోకి వస్తారు. అక్కడ గచ్చు మీద ఓ వెయింగ్‌ మెషిన్‌ ఉంటుంది. పక్కనే కుర్చీలో పెద్దమ్మ. ఆవిడ ఒళ్లో బడిపిల్లలు రాసుకునే నోట్‌బుక్కు, పెన్ను.

‘‘అరవై ఎనిమిది పాయింట్‌ నాలుగు’’ అంటారాయన, పరేడ్‌లో హాజరు పలుకుతున్నంత గట్టిగా.

పెద్దమ్మ వెంటనే రాసుకోదు. కళ్లజోడు సవరించుకుని, వంగి, అంకె తనే చూస్తుంది. ఆ తర్వాతే రాస్తుంది. ‘‘ఆయన చెప్పింది రాసుకునేటట్టయితే ఇక నేనెందుకిక్కడ?’’ అంటుంది. ఆ అపనమ్మకానికో కథ ఉంది. చెబుతాను.

రెండేళ్ల కిందట చలికాలంలో పెద్దనాన్నకు దగ్గు పట్టుకుంది. పగలు అంతగా లేదు, పడుకుంటేనే ఎక్కువ. ఏఎస్‌ రావు నగర్‌ వెళ్లి సిరప్పు తెచ్చుకున్నారు. మిరియాల కషాయం తాగారు. తలకింద ఒక దిండు రెండయ్యింది, రెండు మూడయ్యాయి. చివరికి రాత్రిళ్లు వాలుకుర్చీలోనే కునుకు తీయడం మొదలైంది. చెప్పులు బిగుతయ్యాయంటే ఒక సైజు పెద్దవి కొనుక్కున్నారు! పదకొండో రోజు అర్ధరాత్రి దాటాక ఊపిరాడక లేచి, కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. పెద్దమ్మ 108కి ఫోన్‌ చేసింది.

ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజుల్లో ఆయన ఆరు కిలోలు తగ్గారు. కండ కాదు, కొవ్వు కాదు... అంతా నీరు.

డిశ్చార్జి కాగితం మీద ‘హార్ట్‌ ఫెయిల్యూర్‌’ అన్న మాట చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోయాం. అమెరికాలో ఉన్న అన్నయ్యయితే ఫోన్‌లోనే ఏడ్చేశాడు. తప్పు ఆ పేరుది. ఫెయిల్‌ అంటే మనకు పదో తరగతి రిజల్ట్సే గుర్తొస్తాయి, అంతటితో అయిపోయినట్టే అనిపిస్తుంది. గుండె వైఫల్యమంటే గుండె ఆగిపోవడం కాదు. గుండెపోటు కూడా కాదు. ఎప్పుడో వచ్చిన గుండెపోటు వల్లనో, ఏళ్లతరబడి అదుపులో లేని బీపీ, షుగరు వల్లనో, కవాటాల జబ్బు వల్లనో గుండె కండరం నీరసపడుతుంది. లేదా బిరుసెక్కుతుంది. ఒంటికి కావలసినంత రక్తాన్ని తోడలేకపోతుంది. ఆగదు... కానీ అలిసిపోతుంది.

మరి నీరెక్కడి నుంచి వస్తుంది? హైదరాబాద్‌ వాళ్లకు ఇది చెప్పడం సులువు. రేపు నల్లా రాదని కబురందితే మనమేం చేస్తాం? బిందెలు, బకెట్లు, డ్రమ్ములు... ఆఖరికి గిన్నెలతో సహా నింపేసుకుంటాం. మూత్రపిండాలూ అంతే. గుండె నుంచి రక్తం తక్కువగా వచ్చేసరికి ఒంట్లో నీళ్ల కరవొచ్చిందనుకుంటాయి. ఉప్పునీ నీటినీ బయటకు వదలకుండా దాచడం మొదలుపెడతాయి. అలా దాచిందే కాళ్లలోకి, పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పడుకుంటే దగ్గు రావడం, దిండ్లు పెరగడం, చెప్పులు బిగుతవడం... మూడూ ఒకటే కథ అన్నమాట.

డిశ్చార్జి రోజున మేమంతా బిల్లు కోసం కిందికీ పైకీ తిరుగుతుంటే, వార్డులోని ఓ సీనియర్‌ నర్సు పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. పెద్దనాన్నను కాదు, పెద్దమ్మను. ఎవరికి చెబితే పని జరుగుతుందో ఆమెకు అనుభవం మీద తెలిసి ఉంటుంది. చెప్పాల్సిందంతా చెప్పి, ‘‘అమ్మా, ఇప్పుడు మీరు నర్సు, నేను పేషెంటు. నేను చెప్పినవన్నీ నాకు చెప్పండి’’ అందట. పెద్దమ్మ తడబడిన చోటల్లా మళ్లీ చెప్పింది. మొత్తం ఇరవై నిమిషాలు. ఆ నాలుగు రోజుల్లో మాకు బిల్లు పడనిదల్లా అదొక్కటే. ఈ రోజుకీ పనిచేస్తున్నదీ అదే.

ఆమె చెప్పినవాటిలో మొదటిది తూకం. పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చాక, కాఫీ తాగకముందు, రోజూ ఒకే రకం బట్టలతో, గట్టి నేల మీద పెట్టిన ఒకే మెషిన్‌ మీద చూసుకోవాలి. కార్పెట్‌ మీద పెడితే లెక్క తప్పుతుంది. లీటరు నీరు కిలో బరువు తూగుతుంది. ఎంత తిన్నా మూడు రోజుల్లో రెండు కిలోల కొవ్వు పట్టదు కాబట్టి, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే అది నీరేనని అనుమానించాలి. ఆ రోజే డాక్టరుకు ఫోన్‌ చేయాలి. ‘వచ్చేవారం ఎలాగూ చెకప్‌ ఉందిగా’ అనుకోకూడదు. కాళ్ల వాపు కంటికి కనిపించేసరికే లోపల కొన్ని లీటర్లు చేరిపోయి ఉంటాయి. తూకం అంతకన్నా ముందే పట్టిస్తుంది.

పెద్దమ్మ నోట్‌బుక్కులో ఐదు గళ్లుంటాయి. తేదీ, బరువు, వాపు, దిండ్లు, ఆయాసం. వాపు చూడటానికి చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి వదులుతుంది. గుంట పడి అలాగే ఉండిపోతే నీరున్నట్టు. దిండ్ల గడిలో రోజూ ‘1’ అనే ఉంటుంది. చూసేవాళ్లకు నవ్వొస్తుంది కానీ, ఆ ఒకటి ఏనాడైనా రెండయితే తెలియడానికే ఆ గడి. బరువు పెరగడమే కాదు, మరీ తగ్గినా ఫోన్‌ చేయాల్సిందే. మే నెల ఎండల్లోనో, విరేచనాలు పట్టుకున్నప్పుడో, నీటిని బయటకు పంపే మాత్ర ఎప్పటిలాగే వేసుకుంటూపోతే ఒంట్లో నీరు మరీ తగ్గి, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఇక కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా నోట్‌బుక్కు పక్కన పడేసి 108కి చేయడమే.

ఈ ఇరవై నిమిషాల పాఠం విలువెంతో లెక్కగట్టిన వాళ్లున్నారు. అమెరికాలో సెయింట్‌ లూయిస్‌ డాక్టర్లు డెబ్భై ఏళ్లు దాటిన 282 మంది గుండె వైఫల్య రోగులను తీసుకుని సగం మందికి మామూలు వైద్యం చేశారు. మిగతా సగం మందికి దాంతోపాటు నర్సు పాఠాలు, ఆహారంపై సలహాలు, ఇంటికెళ్లాక ఫోన్లు, ఇంటికొచ్చి చూడటాలు ఏర్పాటు చేశారు. మూడు నెలల్లో మామూలు వైద్యం అందినవాళ్లు అదే జబ్బుతో మళ్లీ ఆస్పత్రిలో చేరడం 54 సార్లు జరిగితే, నర్సు చూసినవాళ్లలో 24 సార్లే! 1995లో వచ్చిన పరిశోధన ఇది. స్వీడన్‌లోనైతే ఆ దశాబ్దంలోనే గుండె వైఫల్యానికి నర్సులే నడిపే క్లినిక్‌లు వచ్చేశాయి. మన దగ్గర ఈ జబ్బు ముసలితనం దాకా ఆగడం లేదు. 2013లో తిరువనంతపురం జిల్లాలో పద్దెనిమిది ఆస్పత్రుల్లో చేరిన 1,205 మంది వివరాలు రాసిపెడితే సగటు వయసు అరవై ఒకటి తేలింది. వాళ్లలో దాదాపు 18 శాతం మంది మూడు నెలలు తిరక్కుండానే పోయారు. ఇంటికొచ్చాక గడిచే ఆ మొదటి మూడు నెలలే అసలు గండం. ఆ గండం దాటించే భారం మన దగ్గర ఎవరి మీద పడుతోందో మళ్లీ మాట్లాడుకుందాం.

ముందు ఉప్పు సంగతి. రోజు మొత్తానికి ఐదు గ్రాములు మించొద్దన్నారు. అంటే టీ స్పూనుకు కాస్త వెలితి. పెద్దమ్మ ఉప్పు డబ్బా పైఅరలోకి ఎక్కించేసింది. కానీ తెలుగింట్లో ఉప్పు డబ్బాలో ఉంటుందా? జాడీల్లో ఉంటుంది. ఆవకాయ, గోంగూర, చల్ల మిరపకాయలు, అప్పడాలు, వడియాలు... ఇవి కాక బేకరీ పఫ్‌లు, బజ్జీల పిండిలో తినే సోడా, కడుపుబ్బరానికి నీళ్లలో కలుపుకుని తాగే పొంగు పొడులు. వాటిలోనూ ఉన్నది సోడియమే. మొదటి నెలంతా ఆ ఇంట్లో యుద్ధమే. ‘‘కార్గిల్‌లో కూడా ఇంతకన్నా మంచి తిండి పెట్టారు’’ అన్నారు పెద్దనాన్న. (ఆయన కార్గిల్‌ వెళ్లలేదు.) తర్వాత పెద్దమ్మ దారి కనిపెట్టింది. కూరలో ఉప్పు సగానికి తగ్గించి నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, కరివేపాకు పెంచింది. ఆవకాయ ఆదివారం మాత్రమే, అదీ పిండి విదిలించిన ఒకే ఒక్క ముక్క. మరీ ఉప్పే లేకుండా తినాలా అంటే అక్కర్లేదనే అనిపిస్తోంది. సోడియాన్ని రోజుకు 1,500 మిల్లీగ్రాముల లోపుకు బిగించి చూసిన ఓ పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. అంత బిగించినందువల్ల చావులు, ఆస్పత్రి చేరికలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. చప్పిడి కూడు తినలేక మనిషి సగమైపోవడం కన్నా, జాడీకి దూరంగా ఉంటూ ఇష్టంగా నాలుగు ముద్దలు తినడమే మేలని నాకనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త... ‘తక్కువ సోడియం’ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. గుండెకు వాడే కొన్ని మాత్రలు కూడా ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి. డాక్టరును అడక్కుండా ఆ ప్యాకెట్‌ కొనకండి. నీళ్లు ఎన్ని తాగాలన్నదీ అందరికీ ఒకే కొలత కాదు, అదీ ఆయన్నే అడగాలి.

మందులకు కొదవ లేదు. మాజీ సైనికుల కోసం 2003లో మొదలైన ఇసిహెచ్‌ఎస్‌ పథకం ఉంది కాబట్టి ఖర్చు బెంగా లేదు. షుగరు కోసం వచ్చిన డపాగ్లిఫ్లోజిన్‌ లాంటి మాత్ర గుండె వైఫల్యానికీ పనికొస్తుందని 2019లో తేలాక వైద్యమూ మెరుగుపడింది. చిక్కల్లా నీటి మాత్రతోనే. అది వేసుకుంటే గంట తిరక్కుండా బాత్రూంకు పరుగెత్తాలి. అందుకని పెళ్లికో బ్యాంకుకో వెళ్లాల్సిన రోజున పెద్దనాన్న దాన్ని గుట్టుచప్పుడు కాకుండా ఎగ్గొట్టేవారు. ఈ ఇబ్బంది నోరు తెరిచి చెబితే డాక్టరు ఒక్క మాటలో తేల్చేశారు. ‘‘మానేయకండి. ఆ రోజుకు ఇంటికొచ్చాక మధ్యాహ్నం వేసుకోండి.’’ అంతే. అడగడానికి మొహమాటపడి ఎంతమంది ఎగ్గొడుతున్నారో!

ఇక ఆ అపనమ్మకం కథ. పోయిన ఎండాకాలం పెద్దనాన్నకు మోకాళ్ల నొప్పులు తిరగబెట్టాయి. మందుల షాపుకెళ్లి డైక్లోఫెనాక్‌ మాత్రలు ఒక స్ట్రిప్పు తెచ్చుకుని పూటకొకటి వేసుకున్నారు. ఈ రకం నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు కూడనివి. ఆ సంగతి ఆయనకు తెలియదు, షాపు కుర్రాడు అడగలేదు. మెషిన్‌ మీద అంకె మాత్రం మారడం మొదలైంది. అప్పట్లో ఆయన అంకె చెబితే పెద్దమ్మ రాసుకునేది. నోట్‌బుక్కులో ఆ వారం పేజీ నేను చూశాను. 68.4, 68.5, 68.4, 68.5, 68.4... అంతా ప్రశాంతం.

ఆరో రోజు పొద్దున పక్క సర్దుతుంటే పెద్దమ్మకు రెండో దిండు కనిపించింది. ఏమీ మాట్లాడలేదు. ఆయన్ను మళ్లీ మెషిన్‌ ఎక్కించి వంగి చూసింది. 71.2!

‘‘మళ్లీ ఆస్పత్రి అంటావని...’’ అన్నారట పెద్దనాన్న. బోర్డర్‌లో పనిచేసిన మనిషి.

ఆ పూటే డాక్టరుకు ఫోన్‌ చేశారు. నొప్పి మాత్రలు ఆపించి, నీటి మాత్ర మోతాదు నాలుగు రోజులకు పెంచి, రక్తపరీక్ష రాశారు. ఆస్పత్రిలో చేరే పని లేకుండానే బరువు దిగింది. నొప్పికి ఏది వేసుకోవచ్చో కూడా ఆయనే చెప్పారు. ఇంకో మూడు రోజులు ఆ 68.4లే సాగి ఉంటే మళ్లీ కిటికీ చువ్వల దాకా వచ్చేదేమో. జబ్బు దాచేవాళ్లు అబద్ధాలకోరులని కాదు. భయం అలాంటిది. తిడితే ఇంకా దాస్తారు. అందుకే పెద్దమ్మ ఒక్క మాట అనలేదు, కుర్చీ మెషిన్‌ పక్కకు లాక్కుంది.

పెద్దమ్మకు డెబ్భై ఒకటి. ఆవిడకూ బీపీ ఉంది, మోకాళ్లున్నాయి. అన్నయ్య పంపిన ఖరీదైన వాచీ నాడి చూపిస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది. కానీ దిండు కనిపెట్టేది ఆవిడే. పథకం మందులిస్తుంది, ఆస్పత్రి మంచం ఇస్తుంది. పొద్దున ఆరింటికి కుర్చీలో కూర్చునే మనిషిని ఏ పథకమూ ఇవ్వదు. మన దగ్గర ఆ ఉద్యోగం జీతం లేకుండా భార్యలదో కోడళ్లదో. సెలవు లేదు, రిలీవర్‌ లేడు. కిందటేడు చెల్లెలి ఇంట్లో పెళ్లికి ఆవిడ రాజమండ్రి వెళ్లాల్సి వస్తే రెండ్రోజులు నేనొచ్చి కూర్చున్నాను. కుర్చీ అదే, చేసిన పనీ అదే. రెండో రోజుకే విసుగొచ్చిందంటే సిగ్గుగా ఉంది.

మొన్న ఆదివారం వెళ్లినప్పుడు టీపాయ్‌ మీద నోట్‌బుక్కు కనిపిస్తే తిరగేశాను. వెనక అట్ట వైపు నుంచి ఇంకో పట్టిక మొదలై ఉంది. పెద్దనాన్న రాత... నిటారుగా, లైను తప్పకుండా. తేదీ, టైము, పెద్దమ్మ బీపీ. మూడు వారాలుగా ఒక్క రోజూ ఖాళీ లేదు.

‘‘ఇదెప్పటి నుంచి?’’ అన్నాను.

‘‘మీ పెద్దమ్మ మాత్ర వేసుకున్నానంటుంది, వేసుకోదు’’ అన్నారాయన గొంతు తగ్గించి. ‘‘అందుకే చెప్పింది రాయను. మెషిన్‌ నేనే చూసి రాస్తాను.’’

వంటింట్లోంచి పెద్దమ్మ ఉప్మా ప్లేట్లు తెచ్చింది. పక్కన నిమ్మచెక్కలు పెట్టి ఉన్నాయి.