దొరికే వజ్రం, పెంచే వజ్రం

తొలకరి పడితే చాలు, టీవీ కెమెరాలన్నీ జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వాలిపోతాయి. ఎవరికో వజ్రం దొరికిందన్న వార్త మన గ్రూపుల్లో తిరుగుతుంది. వెనకే ‘కోహినూర్ మనదే’ అని స్టేటస్‌లు. పొలంలో వెతుక్కునేవాళ్లను నేనేమీ అనను. ఇంజనీరింగ్ చదివే మనకు కూడా వజ్రమంటే అదృష్టమేనా అన్నదే నా బాధ.

మాది రామకుప్పం. మా నాయన గ్రానైట్ పనికి పోతాడు. అక్కడ బండను కోసే వైరు పూసల్లో ఉండేది ఫ్యాక్టరీలో విపరీతమైన ఒత్తిడి, వేడి పెట్టి చేసిన వజ్రపు పొడి. “అది దొంగ వజ్రం కదా నాయనా?” అని ఒకసారి ఆటపట్టించాను. “రాయి తెగతా ఉంది కదప్పా! దొంగదైతే తెగతాదా?” అన్నాడు.

సీవీడీ పద్ధతిలో ఆ ఒత్తిడి కూడా అక్కర్లేదు. గాలి తీసేసిన ఛాంబర్‌లోకి హైడ్రోజన్, అందులో కొద్దిపాటి మీథేన్ పంపుతారు. మైక్రోవేవ్‌తో ప్లాస్మా చేస్తారు. ఫ్రీక్వెన్సీ సాధారణంగా 2.45 గిగాహెర్ట్జ్, వంటింటి ఓవెన్‌లో ఉండేదే. సుమారు 800 డిగ్రీల వేడి మీదున్న పలక మీద కార్బన్ పొరలుగా పేరుకుంటుంది. గ్రాఫైట్‌గా మారబోయే కార్బన్‌ను హైడ్రోజన్ పరమాణువులు ఎప్పటికప్పుడు కలుపు తీసినట్టు తీసేస్తాయి. గంటకు పెరిగేది కొన్ని మైక్రాన్లే.

ఈ ఫిల్మ్ ఉంగరం కోసమే కాదు. మంచి వజ్రం రాగికంటే దాదాపు ఐదు రెట్లు బాగా వేడిని లాగేస్తుంది. వేడెక్కే చిప్‌లకు కావలసింది అదే. ల్యాబ్ వజ్రాల పరిశోధనకు 2023లో కేంద్రం ఐఐటీ మద్రాసుకు ఐదేళ్లకు 242 కోట్లు ఇచ్చింది. కుప్పంలో రైలెక్కితే చెన్నై ఎంత దూరమని!

నేను మెటీరియల్స్‌లో ఎంటెక్ చేస్తానంటే మాత్రం అందరిదీ ఒకటే మాట: “కోర్‌లో జాబులెక్కడ?” ఆ భయం అబద్ధం కాదు. ఇంట్లో అప్పుంది, సాఫ్ట్‌వేర్ అయితే జీతం త్వరగా వస్తుంది. అయినా అందరం కోడే రాస్తే, ఆ కోడ్ నడిచే చిప్‌ను చల్లబరిచేదెవరు?

అందరూ నా దారిలో రండి అనను. మినీ ప్రాజెక్టుకు సీనియర్ల పాత రిపోర్టు కాపీ కొట్టే ముందు, ఒక్క సాయంత్రం దీని గురించి చదవండి. నేను గేట్‌కు ఫీజు కట్టేశాను. నాయనకు ఇంకా చెప్పలేదు. కానీ ‘దొంగదైతే తెగతాదా’ అన్న మనిషికి ఇది అర్థమవుతుందనే నా నమ్మకం.