రాసివ్వకపోయినా మాట మాటే

డాక్యుమెంటేషన్ అంటే మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఎంత చులకనో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. బెంచి మీద కూర్చున్న కుర్రాడికో, నోటీసు పీరియడ్‌లో ఉన్నవాడికో అంటగట్టే పని అది. వెళ్ళిపోయేవాడు ఆఖరి రెండు వారాల్లో నాలుగు "కేటీ"లు ఇస్తాడు, వినేవాళ్ళు తలూపుతారు, అందరూ కలిసి కేకు కోస్తారు. ఆ మనిషితోపాటే ఆ తెలివీ గేటు దాటిపోతుంది.

ఇది పాత గోలే. నన్ను మండిస్తున్నది ఇంకో వాదన, అదీ బాగా పని వచ్చినవాళ్ళ నోట వినిపించేది: "రాయకపోవడమే మంచిది. రాస్తే కట్టుబడి ఉండాలి. రాయకపోతే ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు." బద్ధకానికి వేదాంతం చొక్కా తొడిగితే ఇలాగే ఉంటుంది. ఆ వాదన ఎందుకు నిలబడదో లైనక్స్ కెర్నెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్రేసింగ్ సంగతి తీసుకుని చెప్తాను.

కెర్నెల్ వైపు ఎప్పుడూ రానివాళ్ళ కోసం రెండు ముక్కలు. మీ ఫోను జేబులో ఊరికే ఉన్నప్పుడు కూడా కెర్నెల్ ఊరికే ఉండదు. ఏ సీపీయూని పడుకోబెట్టాలి, ఎంత గాఢంగా పడుకోబెట్టాలి, ఎప్పుడు లేపాలి, ఎంత వేగంతో పరిగెత్తించాలి అని సెకనుకి ఎన్నోసార్లు తేల్చుకుంటూ ఉంటుంది. గాఢనిద్రలో కరెంటు ఎక్కువ మిగులుతుంది, కానీ లేవడానికి ఎక్కువ టైం పడుతుంది. ఈ నిర్ణయాలు జరిగే చోట్ల కోడులో ట్రేస్ పాయింట్లు ఉంటాయి. వాటిని ఆన్ చేస్తే నిర్ణయం జరిగినప్పుడల్లా ఒక వరస రికార్డవుతుంది: ఫలానా టైముకి, ఫలానా సీపీయూ, ఫలానా స్టేట్. ఇంటెల్ వాళ్ళు 2007లో బయటపెట్టిన పవర్‌టాప్ తర్వాత్తర్వాత ఇలాంటి ఈవెంట్ల మీద ఆధారపడింది. ఇవాళ ఆండ్రాయిడ్‌లో పెర్ఫెట్టో చదివేదీ వీటినే. రాత్రి తొంభై శాతం ఉన్న బ్యాటరీ పొద్దున్నకి నలభై ఎందుకైందో తేల్చాలంటే ఎవరో ఒకరు ఈ వరసలు ముందేసుకుని కూర్చోవాల్సిందే.

మా కోనసీమ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది లాకు దగ్గర లష్కరు రాసే పుస్తకం లాంటిది. ధవళేశ్వరంలో ఆగిన గోదావరి నీళ్ళు బొబ్బర్లంక మీదుగా లొల్ల లాకులకొచ్చి అక్కణ్ణుంచి కాలవలుగా చీలతాయి. ఒకటి గన్నవరం దగ్గర అక్విడక్టు మీద వైనతేయ దాటి రాజోలు వైపు పోతుంది. ఎక్కడ తలుపు ఎంత ఎత్తారు, ఎప్పుడు దించారు, గేజీ ఎంత చూపించింది అన్నది పుస్తకంలో ఉంటే, శివారు చేలకి నీళ్ళెందుకు అందలేదో నెల తర్వాతైనా తేల్చుకోవచ్చు. కానీ ఆ పుస్తకంలో "4" అని మాత్రమే ఉందనుకోండి. నాలుగు అడుగులా? నాలుగు తలుపులా? నాలుగు గంటలా? లష్కరుకి తెలుసు. లష్కరు రిటైరయ్యాక?

కెర్నెల్‌లో సరిగ్గా ఇదే ఉంది. సీపీయూ ఐడిల్ ఈవెంటులో "స్టేట్ = 4" అని వస్తే నాలుగో నంబరు నిద్రలోకి వెళ్ళిందని అర్థం. అది ఆ మెషీను ఐడిల్ డ్రైవరు పట్టికలో వరస సంఖ్య మాత్రమే. ఇంకో చిప్ మీద నాలుగు అంటే వేరే నిద్ర, లేదా అసలు అంత లోతే ఉండకపోవచ్చు. సీపీయూ ఫ్రీక్వెన్సీ ఈవెంటులో కూడా ఫీల్డు పేరు "స్టేట్" అనే ఉంటుంది, అక్కడ 1800000 అని కనిపిస్తుంది. అది కిలోహెర్ట్జులు, అంటే 1.8 గిగాహెర్ట్జులు. క్లాక్ ఈవెంట్లలోనూ మళ్ళీ "స్టేట్" అనే ఉండేది. ఎనేబుల్‌కి 1, డిజేబుల్‌కి 0, రేటు మార్చినప్పుడేమో ఆ కొత్త రేటు. ఒకటే పేరు, ఇన్ని అర్థాలు. వరసలో యూనిట్ ఎక్కడా అచ్చవ్వదు.

అసలు మజా నిద్ర లేచినప్పుడు. అప్పుడు స్టేట్ విలువ 4294967295 అని వస్తుంది, అంటే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల చిల్లర! మొదటిసారి చూసినవాడు మెమరీ పాడైందనుకుంటాడు. నిజానికి అది మైనస్ ఒకటి. 32 బిట్లలో గుర్తు లేని సంఖ్యగా అచ్చేస్తే అలా కనిపిస్తుంది. దానర్థం "ఇంతకుముందున్న స్టేట్ నుంచి బయటికొచ్చింది" అని. ఇది తెలియకుండా స్క్రిప్టు రాసినవాడు దాన్నీ ఒక స్టేటు కింద లెక్కేస్తాడు, లేదా చెత్త విలువ అని వడగట్టేస్తాడు. వడగడితే నిద్ర మొదలైనట్టే ఉంటుంది, ముగిసినట్టు ఉండదు. అప్పుడు సీపీయూ రోజంతా హాయిగా పడుకున్నట్టు గ్రాఫ్ వస్తుంది, మీటింగులో దాన్ని చూసి అందరూ చప్పట్లు కొడతారు, కస్టమర్ బ్యాటరీ మాత్రం మధ్యాహ్నానికి ఖాళీ.

కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ట్రేస్ ఫోల్డరులో పవర్ ఈవెంట్ల మీద ఒక చిన్న ఫైలుంది. రెండు మూడు తెరల పొడుగు కూడా ఉండదు. ఈ మైనస్ ఒకటి సంగతి, స్టేట్ ముగింపు గుర్తించడానికి టూల్సుకి అది చాలా ముఖ్యమన్న సంగతి అందులో తిన్నగా రాసి ఉంది. ఆ రెండు వాక్యాలు ఎంతమంది పని రోజులు కాపాడి ఉంటాయో! అది రాసిన పనికి ఏ కంపెనీ అప్రైజల్లోనూ ఒక గడి ఉండదు, అది వేరే సంగతి.

ఇప్పుడు "రాస్తే ఇరుక్కుంటాం" వాదానికొద్దాం. 2011లో ఏం జరిగిందో చూడండి. ఆ ఏడాది 2.6.39 కెర్నెల్‌తో బిగ్ కెర్నెల్ లాక్ అనే పాత తాళాన్ని పూర్తిగా పీకేశారు. ట్రేస్ ఈవెంట్ల ముందుభాగంలో ఆ తాళం లోతు చెప్పే ఒక ఫీల్డు ఉండేది. తాళమే లేనప్పుడు దాని లోతెందుకని స్టీవెన్ రోస్టెడ్ దాన్ని తీసేశారు. న్యాయమైన పనే. అంతే, పవర్‌టాప్ పడిపోయింది. ప్రతి ఈవెంటుకీ ఫార్మాట్ అనే ఫైలుంటుంది, ఏ ఫీల్డు ఎక్కడుందో అది చదివి తెలుసుకోవాలి. పవర్‌టాప్ అలా చదవకుండా స్థానాలు తన కోడులోనే గట్టిగా రాసేసుకుంది. తప్పు టూలుదే కదా అంటారా? లినస్ టోర్వాల్డ్స్ దగ్గర ఆ మాట చెల్లలేదు. యూజర్ ప్రోగ్రాం పని చేస్తున్నదల్లా ఆగిపోయిందంటే తప్పు కెర్నెల్‌దే అన్నది అక్కడి నియమం. చివరికి ఏ అర్థమూ లేని ఒక ఖాళీ జాగాగా ఆ ఫీల్డుని మళ్ళీ తెచ్చిపెట్టారు.

ఇందులో గమనించాల్సింది ఒకటే. ఆ ఫీల్డు ఎప్పటికీ అక్కడే ఉంటుందని ఎవరూ ఎక్కడా రాసివ్వలేదు. అయినా కట్టుబడాల్సొచ్చింది! మాట పుట్టేది మనం రాసినప్పుడు కాదు, ఎదుటివాడు దాని మీద ఆధారపడినప్పుడు. దాళ్వాలో నీళ్ళు తక్కువై వంతులు పెట్టినప్పుడు, వంతు మార్చి శివారు రైతుకి చెప్పకపోతే "మేం మీకు రాసివ్వలేదుగా" అంటే ఊరుకుంటాడా? వాడు ఆ వంతుని నమ్మి ఊడ్చేశాడు. చేను ఎండితే కాగితం ఉందా లేదా అని చూసి ఎండదు.

మరి రాయడం వల్ల ఏమొస్తుంది? హద్దు వస్తుంది. "ఈ మూడింటిని నమ్ముకోండి, ఈ నాలుగోదాన్ని నమ్ముకోవద్దు, ఇలా మాత్రమే చదవండి" అని ముందే చెప్పే అవకాశం మనకుంటుంది. రాయకపోతే ఆ హద్దు మన కోడు వాడేవాడు గీస్తాడు, అదీ మనకి తెలియకుండా. రాసేవాడు ఇరుక్కోడు, రాయనివాడే ఇరుక్కుంటాడు.

నిజాయితీగా రెండో వైపు కూడా చెప్పాలి. ట్రేస్ పాయింట్లు శాశ్వత బంధాలవుతాయన్న భయం ఉత్తుత్తి భయం కాదు. ఏల్ విరో తన వీఎఫ్ఎస్ కోడులోకి వాటిని రానివ్వనని చాలాకాలం పట్టుబట్టారు. 2019లో షెడ్యూలర్ లోడు లెక్కలకి కొన్ని ట్రేస్ పాయింట్లు చేర్చినప్పుడు వాటిని మామూలు ఈవెంట్ల జాబితాలో కనపడకుండా పెట్టారు, కావాల్సినవాడు మాడ్యూలు రాసుకుని తగిలించుకోవాలి. దాంతో నాకు పేచీ లేదు. మాట ఇవ్వడం ఇష్టం లేకపోతే తలుపు మూసెయ్యడం మర్యాదే. తలుపు బార్లా తీసిపెట్టి, లోపల ఏముందో చెప్పకుండా, వచ్చినవాడు కాలు విరగ్గొట్టుకుంటే "నిన్నెవడు రమ్మన్నాడు" అనడమే నాకు నచ్చనిది.

ఇక "కోడే డాక్యుమెంటు" అనే మహానుభావులు. కోడు ఏం చేస్తుందో చెప్తుంది, దేన్ని నమ్ముకోవచ్చో చెప్పదు. పైగా ట్రేసు చదివేవాడు చాలాసార్లు కెర్నెల్ మనిషి కాదు. బ్యాటరీ టెస్టింగులో ఉన్న అమ్మాయి కావచ్చు, యాప్ రాసే కుర్రాడు కావచ్చు. డ్రైవరు సోర్సు చదివి మైనస్ ఒకటి కనిపెట్టమని వాళ్ళకి చెప్పడం, నీళ్ళడిగిన రైతుకి ఆనకట్ట ప్లాను చేతిలో పెట్టడం లాంటిదే.

ఇదంతా మనకెందుకంటే, హైదరాబాద్‌లో, బెంగుళూరులో చిప్ కంపెనీల్లో పవర్ డ్రైవర్లు రాసేవాళ్ళలో మనవాళ్ళు బోలెడుమంది. కొత్త ట్రేస్ పాయింట్లు మన చేతుల్లోంచి వెళ్తున్నాయి. ఒక కంపెనీలో నేను ఒక డ్రైవరు ఈవెంట్లకి అరపేజీ వివరణ రాస్తే "ఇది ఏ టికెట్ కింద?" అని అడిగారు. టికెట్ లేదు. ఆర్నెల్ల తర్వాత ఆ ఈవెంట్లని తప్పుగా లెక్కేసిన రిపోర్టు మీద మాత్రం టికెట్లు వరసగా వచ్చాయి!

ఈసారి ట్రేస్ పాయింటు చేర్చేటప్పుడు, అదే ప్యాచ్‌లో నాలుగు వాక్యాలు రాయండి. అది ఎప్పుడు పేలుతుంది, విలువ యూనిట్ ఏంటి, ముగింపుని ఎలా గుర్తుపట్టాలి, దేన్ని నమ్ముకోకూడదు. రివ్యూ చేసేవాళ్ళయితే ఆ నాలుగూ లేని ప్యాచ్‌ని వెనక్కి పంపండి. నాలుగు వాక్యాలు రాయడానికి రాలేదంటే ఆ ఈవెంటు ఏంటో మనకే ఇంకా తెలియలేదని అర్థం. అలాంటప్పుడు దాన్ని ఊరి మీదకి వదలడం ఎందుకు?