జనాగ్రహము సాక్ష్యము కాజాలదు

సంగారెడ్డిలో 1796లో నిర్మింపబడిన పాత కారాగారమును 2016లో ప్రదర్శనశాలగా మార్చి, 500 రూపాయలు చెల్లించినవారు ఒక దినము ఖైదీవలె గడపుట కేర్పాటు చేసిరి. ఒక దినమైనచో అది వేడుక. నేరము రుజువు కాకయే ఎనిమిదేండ్లు జైలులో గడపినవాని మాట యేమి?

2007 డిసెంబరు 27వ తేదీన విజయవాడ చెంత ఇబ్రహీంపట్నములోని యొక వసతిగృహమున ఒక విద్యార్థిని దారుణముగా హత్య చేయబడెను. రాష్ట్రమంతయు అట్టుడికెను. హంతకుని పట్టుకొనుడని నలుదిక్కుల నుండి యొత్తిడి వచ్చెను. 2008లో పోలీసువా రొక పేద యువకుని పట్టి చూపిరి. 2010లో విజయవాడ న్యాయస్థానము వానిని దోషిగా నిర్ణయించెను. కూతురును గోల్పోయిన తల్లియే, నేరము చేసినవా డితడు కాడని పలుమారు మొఱపెట్టెను. తుదకు 2017 మార్చి 31న హైదరాబాదు హైకోర్టు వానిని నిర్దోషిగా విడిచి, లక్ష రూపాయల పరిహార మిమ్మని యుత్తరువు చేసెను. 2018లో కేసు మరల దర్యాప్తు కొఱకు సి.బి.ఐ. చేతికి పోయెను. తప్పు తీర్పువలన ఒకనికే గాదు, ఆ తల్లికిని అన్యాయము జరిగెను.

సహేతుకమైన సందేహమునకు ముద్దాయి లాభము పొందవలెనను సూత్రము హంతకులపై జాలి కాదు. "చేసియుండవచ్చును" అనుటకును, "చేసియే తీరవలెను" అనుటకును నడుమ చాల దూరము గలదని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పియున్నది. ప్రతి యూహను సందేహమని పట్టుకొని దోషులను విడువరాదనియు నా తీర్పే హెచ్చరించినది. కావున సందేహమునకును హేతువు కావలెను. శిక్షకును రుజువు కావలెను.

2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి కడ నలుగురు నిందితులను పోలీసులు కాల్చిచంపగా జనులు పూలు చల్లిరి. ఆ పశువైద్యురాలికి జరిగిన ఘోరమును తలచి కన్నీరు పెట్టనివారు లేరు. కాని వారు చంపు నుద్దేశముతోనే కాల్పులు జరిపిరనియు, నలుగురిలో మువ్వురు మైనర్లనియు జస్టిస్ సిర్పూర్కర్ కమిషను నివేదిక 2022లో వెల్లడించెను. ఆ నలుగురు దోషులో కారో నిర్ణయించు విచారణ యిక నెన్నటికిని జరుగదు.

ఇది మన ప్రాంతమునకు దూరపు మాట కాదు. పటాన్‌చెరువు, పాశమైలారము కర్మాగారములలో ఇతర రాష్ట్రముల నుండి వచ్చిన నిరుపేద కూలీలు వేలకొలది గలరు. పలుకుబడి లేనివాడు, భాష రానివాడు, వకీలును పెట్టుకొనలేనివాడు అనుమానమునకు మొదట గురియగును. 1919లో విచారణ లేని నిర్బంధమును శాసనము చేసిన రౌలట్ చట్టము నెదిరించి నిలిచిన జాతి, స్వరాజ్యమున తన పేదలకు విచారణ వలదనుట తగునా?

పఠనమందిరములలో గూడు పాఠకులకు మా మనవి యిది. తీర్పు మీకు నచ్చనినాడు న్యాయమూర్తిని దూషింపక, సాక్ష్యము నెవరు సేకరించిరి, ఎట్లు సేకరించిరి, ఎచట చెడగొట్టిరి యని యడుగుడు. శ్రద్ధగల దర్యాప్తును కోరుడు. తొందరపడి యొకని శిక్షించిన నాడు అసలు హంతకుడు మన నడుమనే నిర్భయముగా తిరుగుచుండును.