కలగూరగంప వంటి రేడియో



గత నెలలో కృష్ణా జిల్లాలోని ఒక పల్లె నుండి ఒక తల్లి మాకు నాలుగు పుటల ఉత్తరము వ్రాసినారు. ఆమె కుమారుడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున జెర్సీ సిటీలో ఉద్యోగము చేయుచున్నాడట. ఒకనాడు ఫోనులో మాటలాడుచుండగా వెనుకనుండి ఏదో హోరు వినబడినది. మొదట గిటారుల రొద, ఆ వెంటనే నల్లజాతివారు పాడు సంఘ గీతము, దాని వెనుక ఏ భాషయో తెలియని జానపదము. "ఇదేమిటి నాయనా?" అని అడుగగా, "మా ఊరి రేడియో అమ్మా, దీనికి నేను ఏటేటా చందా కూడ ఇచ్చుచున్నాను" అని చెప్పినాడట. ఆ తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "దేవునికి ఇవ్వవలసినది పాటల రేడియోకు ఇచ్చుచున్నాడా? నా బిడ్డ విశ్వాసమునుండి తొలగిపోవుచున్నాడా?" అని ఆమె మమ్మును అడిగినారు.

ఇటువంటి భయము ఆమెకు ఒక్కరికే కాదు. మన సంఘములలో అనేకమంది తల్లిదండ్రులకు ఉన్నది. అందుచేత ఈ నెల ఆ రేడియోను గూర్చియే వ్రాయుచున్నాము.

దాని పేరు డబ్ల్యూ.ఎఫ్.ఎం.యు. అది ఎక్కడ పుట్టినదో తెలిసినప్పుడు మాకే ఆశ్చర్యము కలిగినది. న్యూజెర్సీలో ఈస్ట్ ఆరెంజ్ అను పట్టణమున ఉప్సాలా కాలేజి అని ఒక కాలేజి ఉండెడిది. స్వీడను దేశమునుండి అమెరికాకు వలస వచ్చిన లూథరన్ విశ్వాసులు దానిని 1893లో స్థాపించినారు. వారి సభ పేరు అగస్తానా సినడు. మన రాజమండ్రి ప్రాంతమున సువార్త పని నడిపిన జనరల్ కౌన్సిల్ అను లూథరన్ సభలో ఈ అగస్తానా వారు 1870 నుండి 1918 వరకు భాగస్థులు. అనగా మన గోదావరి తీరమునకు మిషనరీలను పంపిన సభకును, ఆ తల్లిని నిద్రపోనీయని ఆ రేడియోకును దూరపు చుట్టరికము ఉన్నది! 1958 ఏప్రిల్‌లో ఆ కాలేజి విద్యార్థులకొరకు ఈ రేడియో ప్రారంభమైనది.

ఇక దాని పాటల పద్ధతి. సాధారణముగా అమెరికాలో వ్యాపార రేడియోలు ఒక పట్టిక ప్రకారము నడుచును. రాక్ వేయు స్టేషను రాక్ మాత్రమే, పాప్ వేయు స్టేషను పాప్ మాత్రమే వేయును. ఎక్కువ మంది కొనుచున్న కొద్ది పాటలనే రోజంతయు త్రిప్పి త్రిప్పి వేయుదురు. నడుమ ప్రకటనలు. పూర్వము పాటను ఎంచుకొను పని రికార్డులు వేయువానిదే. అయితే రికార్డు కంపెనీలు అట్టివారికి చాటుగా డబ్బు ఇచ్చి తమ పాటలు వేయించుకొను అలవాటు ప్రబలినది. దానిని పెయోలా అనిరి. 1960లో అమెరికా చట్టసభ దీనిపై విచారణ జరిపి, ఆ లంచమును నేరముగా చేసినది. తరువాత అనేక స్టేషనులలో పాటలను ఎంచు అధికారము యజమానుల చేతిలోనికి పోయినది.

దీనికి ఎదురుగా 1960ల చివర ఒక క్రొత్త పద్ధతి వచ్చినది. దానిని ఫ్రీఫార్మ్ అందురు. కార్యక్రమము నడుపువాడు తనకు తోచిన పాటను తనకు తోచిన వరుసలో వేయవచ్చును. పట్టిక లేదు, పైనుండి ఆజ్ఞ లేదు. ఉప్సాలా కాలేజి రేడియోలో ఇది 1968లో మొదలైనది. అక్కడ ఒక గంటలో రాక్, పాప్, జాజ్, పల్లెవారి గిటారు పాటలు, నూరేండ్ల నాటి మైనపు గొట్టములపై ముద్రించిన గొంతులు, ఇతర దేశముల సంగీతము, ఒక్కొక్కప్పుడు వంట చేయు విధానము కూడ వినబడవచ్చును. మన ఇండ్లలో కలగూరగంప అందుము గదా, అట్టిది. అయితే మంచి గృహిణి కలగూర వండునప్పుడు చేతికి అందినదెల్ల కుండలో వేయదు. ఏ ఆకు దేనితో కలియునో ఎరిగి వేయును. ఈ కార్యక్రమములు నడుపువారును అంతే. ఒక పాట తాళమునుండి మరియొక పాట తాళమునకు, ఒక దుఃఖమునుండి మరియొక దుఃఖమునకు దారి వెదకుదురు. వీరిలో అత్యధికులు జీతము లేకుండ పని చేయువారే.

ఆ రేడియోలో సిన్నర్స్ క్రాస్‌రోడ్స్ అను కార్యక్రమము ఒకటి అనేక సంవత్సరములు నడిచినది. పాపులు నిలుచు కూడలి అని దాని అర్థము. చిన్న చిన్న సంఘములలో నల్లజాతి విశ్వాసులు పాడి, కొద్ది ప్రతులుగా అచ్చు వేయించుకొన్న పాత సువార్త గీతములను అందులో వినిపించెడివారు. ఆ తల్లి ఫోనులో విన్న సంఘ గీతము అట్టిదే కావచ్చును.

మరియు రాక్ సంగీతము ఎక్కడనుండి వచ్చినదో కూడ మనము తెలిసికొనవలెను. సిస్టర్ రొసెట్టా థార్ప్ (1915–1973) అను సహోదరి బాల్యమునుండి తన తల్లితో కలసి పెంతెకొస్తు కూటములలో గిటారు వాయించి పాడినది. ఎలక్ట్రిక్ గిటారుతో ఆమె పాడిన సువార్త గీతములను విని పెరిగినవారే తరువాత రాక్ సంగీతమునకు ఆద్యులైరి. ఆమె 1938లో న్యూయార్కు నైట్ క్లబ్బులో పాడినప్పుడు సంఘస్థులు అనేకులు నొచ్చుకొనినారు. 2018లో, ఆమె మరణించిన 45 ఏండ్లకు, రాక్ సంగీత ప్రముఖుల వరుసలో ఆమె పేరు చేర్చినారు. సంఘము వాకిటనుండి బయటికి వెళ్లిన ధ్వనియే మన బిడ్డల చెవులలోనికి తిరిగి వచ్చుచున్నది. తిరిగి వచ్చిన ప్రతి ధ్వనియు శుద్ధమైనదని మేము చెప్పము. కాని అది పుట్టుకతోనే సాతానుదని పలుకుట సత్యము కాదు.

ఇప్పుడు చందా సంగతి. ఉప్సాలా కాలేజి అప్పుల పాలై 1995లో మూతపడినది. నూరేండ్లు నిండిన సంస్థ, లూథరన్ విశ్వాసుల ప్రార్థనలతో కట్టబడినది, నిలువలేదు. ఆ రేడియో మాత్రము నిలిచినది. ఎట్లనగా, కాలేజి మూతపడక మునుపే రేడియోలో పనిచేయువారు లాభాపేక్ష లేని ఒక సంస్థగా ఏర్పడి లైసెన్సును కొనుక్కొనినారు. 1998లో జెర్సీ సిటీకి తరలిపోయినారు. ప్రకటనలు వేయరు. ఏటేటా కొన్ని దినములు మారథాన్ అని పేరు పెట్టి శ్రోతలను అడుగుదురు, శ్రోతలు ఇత్తురు. 2012 అక్టోబరు చివర శాండీ తుపాను ఆ తీరమును కొట్టినప్పుడు ప్రసారము ఆగిపోయి మిక్కిలి నష్టము కలిగినది. అప్పుడును శ్రోతలే ఆదుకొనినారు. తుపాను అనగానేమో మన కోస్తావారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇది చదివి మేము సిగ్గుపడినాము. పాటలు వినుటకు ప్రేమించువారు ఇంత నమ్మకముగా ఇచ్చుచుండగా, మన సంఘములలో గుడి కప్పు కారుచున్నను ఎవరో ఒకరు వచ్చి వేయింతురని ఎదురు చూచుచున్నాము. కాలేజికి బలమైన పేరు ఉన్నది, రేడియోకు దానిని తమదిగా ఎంచుకొన్న జనము ఉన్నారు. ఏది నిలిచినదో చూడుడి.

అట్లని ఆ రేడియోలో వచ్చునదంతయు మన ఇండ్లకు తగునని మేము అనము. అడ్డు లేనిచోట మంచిదియు వచ్చును, చెడ్డదియు వచ్చును. పౌలు థెస్సలొనీకలోని విశ్వాసులకు నేర్పినది ఇదే: విన్నదంతయు త్రోసివేయవద్దు, విన్నదంతయు మ్రింగవద్దు, పరీక్షించి మంచిని పట్టుకొనవలెను. వినకుండ పరీక్షించుట ఎట్లు?

మన పాటల పుస్తకమునే చూడుడి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరచినయెడల పైన రాగము, తాళము వ్రాసియుండును. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మన దేశీయ రాగములలో కట్టిన కీర్తనలు ఉన్నవి. ఇంగ్లీషు గీతములకు తెలుగు చేసినవి వారి బాణీలోనే ఉన్నవి. అదియు ఒక కలగూరగంపయే. మన ఆరాధనలో హార్మోనియము లేనిదే పాట లేదనుకొందుము. అది ఐరోపానుండి వచ్చిన వాద్యము. మన సంగీతమునకు తగదని ఆకాశవాణి 1940లో దానిని నిషేధించి, 1971 వరకు ఆ నిషేధమును సడలించలేదు. నిన్న పరాయిదైనది నేడు మనదైనది. నేడు యౌవనస్థులు తెచ్చిన కీబోర్డును చూచి గొణుగుకొను పెద్దలు దీనిని ఆలోచింపవలెను. పాత కీర్తన రాగానే ఫోను తీయు యౌవనస్థులును ఆలోచింపవలెను.

రేడియోను తమదిగా చేసికొనుట అమెరికావారికే చెల్లునని అనుకొనవద్దు. జహీరాబాదు ప్రాంతములో మాచునూరు అను పల్లెలో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైనది. దానిని నడిపినవారు దళిత స్త్రీలు, పొలము పనులు చేసికొను తల్లులు. విత్తనముల మాటలు, పండుగల పాటలు, నాట్ల పాటలు, తమ గొంతులతోనే వినిపించినారు. తమ పాటకు విలువ ఉన్నదని ఆ స్త్రీలు గ్రహించినది తమ గొంతును తామే రేడియోలో విన్నప్పుడు.

నేడు మన పల్లెలలో ఇంటికి నాలుగు ఫోనులు ఉన్నవి. ప్రతివాని చెవిలో ప్రతివాని పాట. నిన్న ఏది విన్నామో దానివంటిదే నేడును ఆ ఫోను వినిపించును. తండ్రి విన్నది కుమారుడు ఎరుగడు, కుమార్తె విన్నది తల్లి ఎరుగదు. ఒకే చాపమీద కూర్చున్నను వేరు వేరు ఊళ్లలో ఉన్నట్లే. రాక్ పాటలకంటె ఈ ఎడబాటు మమ్మును ఎక్కువ భయపెట్టుచున్నది.

అమ్మా, మీ ప్రశ్నకు ఇది మా జవాబు. సంఘమునకు ఇవ్వవలసినది ఇచ్చుచున్నాడో లేదో మీ కుమారుని ప్రేమతో అడుగుడి. ఇచ్చుచున్నయెడల ఆ చందాను గూర్చి దిగులు పడవద్దు. ఇవ్వనియెడల అది కోపముతో కాదు, కన్నీటితో చెప్పవలసిన మాట. తరువాత ఆదివారము ఫోను చేసినప్పుడు, "నాయనా, నీ రేడియోలో నీకు మిక్కిలి ఇష్టమైన పాట ఒకటి నాకు వినిపించు" అనుడి. చివరివరకు వినుడి. నచ్చకపోయినను మధ్యలో ఆపవద్దు. "ఇది నీకెందుకు ఇష్టము?" అని మాత్రము అడుగుడి. అతడు చెప్పు జవాబులో మీ బిడ్డ హృదయము మీకు తెలియును. అది అయిన పిమ్మట మీ అమ్మగారు మీకు నేర్పిన కీర్తన ఒకటి అతనికి పాడి వినిపించుడి. అతడు మీ మాట తప్పక వినును, ఎందుకనగా మీరు ముందుగా అతని మాట వినినారు.

పాఠకులారా, మీ ఇండ్లలోను ఇది చేసి చూడుడి. వారములో ఒక సాయంకాలము, కుటుంబ ప్రార్థనకు ముందు ఇంటిలోనివారందరు తలకొక పాట తీసికొని రండి. తాతగారు పాత కీర్తన, చిన్నది సండే స్కూలు పాట, కాలేజి పిల్లవాడు తనకు నచ్చినది. అందరు చివరివరకు వినవలెను. పరిహాసము వద్దు. తగని పాట వచ్చినయెడల అది ఎందుకు తగదో నెమ్మదిగా చెప్పుకొనుడి. పౌలు కొలస్సయులకు వ్రాసినప్పుడు ఒక విధమైన పాటను కాదు, మూడు విధముల పాటలను పేర్కొనెను. మన ఇంటిలోను వాటికి చోటు ఉండవలెను.

సకల జనముల గొంతులు ఒక్క సింహాసనము ఎదుట కలియు దినమొకటి రానున్నది. ఆ దినము కొరకు వినుట ఇప్పుడే నేర్చుకొందము. ప్రభువు మీ ఇండ్లను పాటలతో నింపును గాక. ఆమెన్.