జేబుచాకు కొనేముందు

మొన్న ఆదివారంనాడు మా మేనల్లుడు కాకినాడ నుంచి వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడు. వారంలో నాలుగు రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగం. కాఫీ తాగి, సెల్‌ఫోను నా ముందు పెట్టి, "అత్తయ్యా, జేబులో ఉంచుకునేందుకు ఒక మడతచాకు కొందామనుకుంటున్నాను. 500 రూపాయలు మించకూడదు. ఇదుగో, చూడు ఎంత బాగున్నదో!" అన్నాడు.

చూశాను. నల్లటి అలుగు, దానిమీద నెమలికంఠం రంగులు, పిడిమీద పులి బొమ్మ. అందులోనే రంపం, కత్తెర, సీసామూత తీసేది, ఒక బుల్లి దీపం కూడానట! వెల 399 రూపాయలు.

"బాగానే ఉన్నది గాని, తెరిచిన తరువాత అది మళ్ళీ నీ వేళ్ళమీద మూసుకుపోకుండా పట్టి ఉంచేది ఏదిరా?" అన్నాను.

వాడు బొమ్మను అటూ ఇటూ జరిపి చూశాడు. జవాబు దొరకలేదు.

ఆ ప్రశ్న నేను ఊరికే అడగలేదు. మా పెళ్ళయిన కొత్తలో మావారు తిరునాళ్ళలో ఒక చాకు కొన్నారు. పక్కనే ఇంకొకటి గట్టిది ఉంటే, నలభై రూపాయలు ఎక్కువని వదిలేశారు. ఆ వేసవిలోనే రైల్లో పోతూ, కొబ్బరిచిప్పలోంచి ముక్క తీయబోయి చాకు మొన గుచ్చి తిప్పారు. అలుగు చటుక్కున వెనక్కి మడిచింది. కుడిచేతి చూపుడువేలు లోపలి నరం తెగింది. కుట్లు వేశారు, గాయం మానింది, కాని ఆ వేలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. గుమాస్తా ఉద్యోగం గదా, కలం పట్టుకోవడం మళ్ళీ కొత్తగా నేర్చుకున్నారు. చొక్కా పైబొత్తాం మాత్రం చివరిదాకా నేనే పెట్టేదాన్ని.

అందుచేత చాకు విషయంలో నా లెక్క ఒకటే. డబ్బు తక్కువైనప్పుడు అన్నీ కొనలేము. మొదటి రూపాయి బందుకు, రెండో రూపాయి ఉక్కుకు. ఏమన్నా మిగిలితే అప్పుడు సోకుకు.

మడతచాకు మనకు కొత్తదేమీ కాదు. తాటాకులమీద రాసే రోజుల్లో గంటమూ, ఆకు కోసే చాకూ ఒకే పిడిలోకి మడిచి పెట్టుకునే పనిముట్లు దక్షిణదేశంలో ఉండేవి. తెల్లవాళ్ళు పక్షి ఈకలను కలాలుగా చెక్కుకునేందుకు వాడిన చిన్న చాకుకే పెన్‌నైఫ్ అన్న పేరు వచ్చింది.

ఇక బందు సంగతి. చాకులు రెండు రకాలు. మొదటి రకంలో అలుగును ఒక స్ప్రింగు అదిమి ఉంచుతుంది, అంతే. గట్టిగా నెట్టితే మూసుకుంటుంది. పండు కోయడానికి, దారం తెంపడానికి, పెన్సిలు చెక్కడానికి ఇది చాలును. గుచ్చడానికీ తిప్పడానికీ పనికిరాదు. రెండో రకానికి గొళ్ళెం ఉంటుంది. పిడి వీపున ఉన్న కమ్మి అలుగు గాడిలో పడేది ఒక పద్ధతి. పిడి లోపలి రేకు పక్కకు జరిగి అలుగు మొదలుకు అడ్డంగా నిలిచేది ఇంకొకటి. దీన్ని మూసేటప్పుడు బొటనవేలు అలుగు దారిలోకి వస్తుంది, జాగ్రత్త సుమా!

మూడో పద్ధతి ఉంగరం తిప్పడం. ఫ్రాన్సులోని సవోయ్ కొండసీమలో జోసెఫ్ ఒపినెల్ 1890లో ఒక చాకు చేశాడు. ఒక కొయ్య పిడి, ఒక అలుగు, మరికొన్ని చిన్న భాగాలు, అంతే. 1955లో దానికి తిరిగే ఉంగరం తొడిగి, అలుగు మూసుకోకుండా చేశారు. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1891 నుంచి సైనికులకు చాకులు సరఫరా చేశాడు. విక్టోరినాక్స్ అన్న పేరు ఆ దుకాణానికి తరువాత వచ్చినదే. ఆ కంపెనీ చిన్న చాకులకు గొళ్ళెం ఉండదు, గట్టి స్ప్రింగు మాత్రం ఉంటుంది. ఈ రెండూ మన దేశానికి చేరేసరికి మావాడి 500 దాటిపోతాయి. అయినా వాటినుంచి నేర్చుకోవలసినది ఉన్నది. ఒపినెల్ చాకు ఇంతకాలం నిలిచింది బొమ్మలవల్ల కాదు, ఉన్న కొద్ది భాగాలూ సరిగా కుదరడంవల్ల.

దుకాణంలో కొనేటప్పుడు మొహమాటపడకండి. మూసిన చాకును వెలుతురులో పట్టి చూడండి. అలుగు పిడి చీలికకు నడిమధ్యన ఉండాలి. ఒక పక్కకు ఒరిగితే, మూసినప్పుడల్లా రేకును గీరుకుని పదును పోతుంది. తరువాత తెరిచి, అలుగు వీపు పట్టుకుని కుడి ఎడమలకు కదపండి. లొడలొడలాడితే అక్కడే వదిలేయండి. ఆఖరున, వేళ్ళు అలుగు దారిలో లేకుండా పిడి పట్టుకుని, అలుగు వీపును చెక్కబల్ల అంచుమీద మెల్లగా తట్టండి. గొళ్ళెం జారితే అది చాకు కాదు, ఎలుకలబోను. బందు దగ్గర చీలకు బదులు మర ఉంటే మరీ మంచిది. వదులైనప్పుడు మనమే బిగించుకోవచ్చును.

ఉక్కు కూడా రెండు రకాలే అనుకోండి. మామూలు ఉక్కు సులువుగా పదునెక్కుతుంది, కాని మామిడికాయ తగిలితే నల్లబడుతుంది, తడి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టని ఉక్కును ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రియర్లీ 1913లో తయారుచేశాడు. అందులో క్రోమియం కలుస్తుంది. కాకినాడ, విశాఖపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్ళవాళ్ళకు ఇదే మేలు. అలుగుమీద 3సీఆర్13 అనో, 8సీఆర్13 అనో అక్షరాలు ఉంటే చదవండి. 13 అంటే నూటికి సుమారు 13 పాళ్ళు క్రోమియం. ముందున్న అంకె కర్బనం సంగతి చెబుతుంది. 8 ఉన్నదానికి 3 కన్నా పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఏ అక్షరాలూ లేకుండా రంగులు మాత్రం ఉంటే, ఆ రంగులకే మీరు డబ్బిచ్చినట్టు.

అలుగు 3 అంగుళాలు చాలును. 2016 నాటి ఆయుధ నిబంధనలు 9 అంగుళాలకన్న పొడవైన, లేదా 2 అంగుళాలకన్న వెడల్పైన అలుగులను ఆయుధాల పట్టికలో చేర్చాయి. ఇంటిపనికీ సేద్యానికీ చేసినవాటిని మినహాయించాయి. సినిమాల్లో బొత్తాం నొక్కగానే టక్కున తెరుచుకునే రాంపూరు చాకుల జోలికి మాత్రం పోకండి. ఢిల్లీలో అటువంటివాటిమీద ప్రత్యేకంగా ఉత్తర్వులే ఉన్నాయి. విమానంలో చేతిసంచిలో ఏ చాకూ కుదరదు, లగేజీలో వేయాలి. బడికీ, సభలకూ, గుళ్ళకూ పోయేటప్పుడు ఇంట్లోనే ఉంచడం మర్యాద. ఆత్మరక్షణకని జేబులో వేసుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. తగాదాలో బయటికి తీసిన చాకు ఎవరి చేతిలోకి పోతుందో ఎవరూ చెప్పలేరు.

కొన్న తరువాత పోషణ కూడా ఉన్నది. పండు కోసిన వెంటనే కడిగి, తుడిచి, ఆరిన తరువాతనే మడవండి. బందులో కొబ్బరినూనె వేయకండి, చలికాలం గడ్డకట్టి దుమ్ము పట్టుకుంటుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలును. చక్రంమీద సాన పట్టించేటప్పుడు అలుగు అంచు నీలిరంగుకు తిరిగిందంటే వేడికి ఉక్కు మెత్తబడినట్టే, ఇక పదును నిలవదు. ఇంట్లో రాయిమీద నీళ్ళు చిలకరించి నెమ్మదిగా నూరుకోవడం ఉత్తమం. మొద్దు చాకుకు బలం ఎక్కువ వేస్తాము, జారితే ఆ బలమంతా చేతిమీదనే పడుతుంది. నూరే పద్ధతి వచ్చేవారం రాస్తాను.

సాయంత్రం ఇద్దరమూ ఇనపసామాన్ల దుకాణానికి వెళ్ళాము. కొట్టువాడు ముందు పెట్టిన ఏడింటిలో నాలుగు లొడలొడలాడాయి, ఒకదాని గొళ్ళెం జారింది. మిగిలిన రెండింటిలో కొయ్య పిడి, ఒకే అలుగు, వీపున కమ్మి ఉన్నది తీసుకున్నాము. 420 రూపాయలు. మిగిలిన 80కి నేను కొంత కలిపి సానరాయి కొనిచ్చాను. పులిబొమ్మ లేదని వాడికి కొంచెం వెలితిగానే ఉన్నట్టున్నది.

చాకును చేతికి చెయ్యి అందివ్వకూడదని మా అమ్మ అనేది. అందుకని ఇంటికి రాగానే బల్లమీద పెట్టి, "తీసుకోరా" అన్నాను. వాడు తీసి తెరిచాడు. నేను చెప్పకుండానే అలుగు వీపును బల్ల అంచుమీద రెండుసార్లు తట్టి చూసుకుని, అప్పుడు జేబులో వేసుకున్నాడు.