అప్పు చేసి కెమిస్ట్రీ చదవాలా?

ఇంటర్ తరువాత బి.యస్సీ.లో కెమిస్ట్రీ తీసుకుంటానంటే నాకు సంతోషమే. లక్ష రూపాయలు అప్పు చేసి విశాఖపట్నంలో హాస్టల్లో చేరతానంటే మాత్రం, ముందు ఒక లెక్క చెయ్యమంటాను.

ఊళ్ళో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు రెండు వేలు. చదువు మూడేళ్ళు, ఉద్యోగం వెతుక్కోవడానికి ఒక ఏడాది. 48 నెలలకు వడ్డీయే 96,000! అసలు అలాగే ఉంది సుమా. అదే లక్ష బ్యాంకులో ఏడాదికి పది శాతం బారువడ్డీకి దొరికితే, వడ్డీ 40,000. చదువు ముగిశాక ఏడాది దాకా బ్యాంకువారు సాధారణంగా వాయిదాలు అడగరు కూడా.

ఇక రాబడి. రణస్థలం దగ్గర పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు మీకు తెలిసే ఉంటారు. జీతమెంతని అడిగి ఊరుకోకండి. గది అద్దె, భోజనం పోను ఎంత మిగులుతోందో అడగండి. వాయిదా కట్టాల్సింది అందులోంచే కదా!

శ్రీకాకుళం ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో అయినా, విజయనగరం మహారాజా కళాశాలలో అయినా చెప్పేది అదే బెంజీన్. ఇంటినుంచి బస్సులో వెళ్ళి చదవవచ్చు. ఎక్కడ చేరినా, ముందు ప్రయోగశాలలోకి తొంగిచూసి, ఒక్కో బ్యూరెట్‌ను ఎంతమంది పంచుకుంటున్నారో లెక్కపెట్టండి.